చూసినవాళ్లకు గడి లేదు

ఆవిడకు ఫారాలమ్మ అని పేరు పెట్టింది ఇంట్లోవాళ్లే. ప్రభుత్వం ఇచ్చిన హోదా వేరు: ద్వేషనేరాలూ వివక్ష ఘటనలూ అరికట్టే విధానాల విభాగానికి ఉపకార్యదర్శి. అంత పొడుగు మాటకు ఎవరికి మాత్రం నోరు తిరుగుతుంది? ఫారాలమ్మ అంటే చాలు, మనిషి కళ్లకు కట్టేది. భుజాన సంచి, సంచిలో కాగితాల కట్ట, ముక్కు చివర కళ్లజోడు. లోకంలో ఏ కష్టానికైనా సరైన ఫారం ఒకటి ఉంటుందనీ, అది సమయానికి చేతికి అందకే మనుషులు ఏడుస్తున్నారనీ ఆవిడ గట్టి నమ్మకం. ఇంట్లో పాలు విరిగినా, "ఎప్పుడు కొన్నారు, ఎక్కడ పెట్టారు, ముందు ఎవరు చూశారు?" అని వరసగా అడిగేది. లెక్కల మాస్టారైన భర్త బుద్ధిగా జవాబులు చెప్పేవాడు. ఆయన అక్క మాత్రం, "విరిగిన పాలకు సాక్షులెందుకే తల్లీ, పారబోసి ఇంకో ప్యాకెట్ తెచ్చుకుందాం" అని నవ్వేసేది.

ఆ అక్కే ఫారాలమ్మకు వదిన. మేడ మీద గదిలో ఉంటుంది, బజారు వీధిలో బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. షాపు పెట్టి ఇరవై రెండేళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నా కొలతలకు సరిపోయినవాడు దొరకలేదు. దొరికినవాడిని కత్తిరించి సరిచేద్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదు" అనేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఫారాలమ్మ అత్తగారికంటే ఎక్కువగా భయపడింది ఈ వదినకే. ఆ భయం ఎప్పుడు పోయిందో, ఈవిడ పక్కన కూర్చోకపోతే ముద్ద దిగని స్థితి ఎప్పుడు వచ్చిందో ఆవిడకే తెలియదు.

విభాగం పెట్టి ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలల్లో వచ్చిన ఫిర్యాదులు మూడంటే మూడు. ఒకాయన పక్కింటి కుక్క తనను చూస్తేనే మొరుగుతోందని రాశాడు. ఇంకొకాయన ఈ ఫారం మరీ పొడుగ్గా ఉందని రాశాడు. మూడోది ఎవరో సంతకం ఒక్కటే పెట్టి పంపిన ఖాళీ ఫారం. కుక్కను పశువుల శాఖకు పంపారు, పొడుగు సంగతి ఫైలులో పెట్టారు, ఖాళీది వివరాలు చాలవని తిప్పి పంపారు. అలా మిగిలింది సున్నా. ఆ సున్నాను చూసుకుని వాళ్ల కార్యదర్శి మురిసిపోయాడు. "మన దగ్గర ద్వేషం లేదమ్మా! నెలాఖరు సమీక్షలో ఇదే చెబుతాను" అన్నాడు. ఫారాలమ్మకూ లోలోపల గర్వంగానే ఉంది. పని మొదలుపెట్టకముందే పూర్తయినంత హాయి సర్కారు కొలువులో ఇంకోటి ఉండదు మరి.

ఆ హాయి తొమ్మిదో తారీకు పొద్దున ఏడింటికి ముగిసింది. ఆ రోజు రోడ్డు తవ్వి బస్సును బజారు వీధిలోకి మళ్లించారు. కిటికీ పక్కన కూర్చున్న ఫారాలమ్మకు షాపు ముందు ముక్కాలిపీట మీద నిలబడిన వదిన కనిపించింది. చేతిలో బ్రష్షు, కాళ్ల దగ్గర ఆకుపచ్చ రంగు డబ్బా. షట్టరు మీద సగం చెరిగిన నల్లటి అక్షరాలు. ఫారాలమ్మ బస్సు ఆపించి మరీ దిగింది.

"వదినా! ఏంటిది?"

వదిన ఉలిక్కిపడి పీట మీద తూలి, షట్టరు పట్టుకుని నిలదొక్కుకుంది. అరచెయ్యంతా ఆకుపచ్చ అయింది. "నువ్వేంటే ఇక్కడ? ఆఫీసు ఎత్తేశారా?"

"ఏం రాసుంది అక్కడ?"

"ఏముంటుంది? మీ చోటికి మీరు పోండి అని. మర్యాద తెలిసినవాడే పాపం, పోండి అన్నాడు. పోవే అనలేదు."

వదిన వాళ్ల తాత ఎప్పుడో వేరే చోటినుంచి వలస వచ్చాడు. మూడు తరాలు గడిచినా ఇంటిపేరులో ఆ వలస కనిపిస్తూనే ఉంటుంది. షాపు బోర్డు మీద ఉన్నది ఆ ఇంటిపేరే. బోర్డు కింద షట్టరు మీద ఫారాలమ్మ ఇప్పుడు సరిగ్గా చూసింది. అది ఒక ఆకుపచ్చ కాదు. ముదురు, లేత, మరీ లేత, తడి. నాలుగు పొరలు.

"నాలుగుసార్లా?" అంది. 

"నాలుగే. ఎవరూ షాపు తెరవకముందే వచ్చి వేసేస్తున్నా. వీధిలో ఒక్కరికి కూడా తెలియదు." వదిన బ్రష్షును డబ్బా అంచుకు తుడిచింది. "నువ్వు మీ ఆయనకు చెప్పకు. వాడసలే కంగారు మనిషి. ఇంకెన్నాళ్లులే, నెలాఖరుకు ఖాళీ చేసేస్తానని ఓనరుకు చెప్పేశా. ఇంట్లోనే మేడ మీద మిషన్ పెట్టుకుంటా."

ఫారాలమ్మ తలెత్తి బోర్డు చూసింది. ఇరవై రెండేళ్ల షాపు! ఈ వీధిలో పెళ్లిళ్లకు కోట్లు, బళ్లో చేరే పిల్లలకు యూనిఫారాలు, లావైనవాళ్లకు వదులు, చిక్కినవాళ్లకు బిగుతు, అన్నీ ఈవిడ చేతిమీదుగా వెళ్లినవే. దేశం మొత్తానికి ద్వేషం మీద విధానం రాసే మనిషి ఇంట్లో, రోజూ ఒకే బల్ల మీద అన్నం తినే మనిషికి ఇంత జరుగుతుంటే, తను సున్నా చూసుకుని మురిసిపోతోంది. 

"వెళ్లడానికి వీల్లేదు. ఫిర్యాదు చేద్దాం. ఇదిగో, ఫారం నా దగ్గరే ఉంది" అని సంచిలోంచి పదకొండు పేజీల కట్ట తీసింది. తీస్తున్నప్పుడు ఇంకా ధీమాగానే ఉంది.

వదిన షాపులో లైటు వేసి, కత్తెర బల్ల మీద ఫారం పరిచింది. ఏది చదివినా పైకి చదవడం ఆవిడ అలవాటు. "ప్రశ్న ఆరు. నిందితుడి ఎత్తు, చుట్టుకొలత." తలెత్తి చూసింది. "చుట్టుకొలత దేనికే? వాడికి ప్యాంటు కుట్టాలా?"

"చదవండి వదినా..."

"ప్రశ్న తొమ్మిది. ఘటనకు ముందే నిందితుడు ఒకవైపు వాలి ఉన్నాడా? ప్రశ్న పది. ఆ సమయంలో గాలి వేగం ఎంత? ప్రశ్న పద్నాలుగు. నిందితుడిని ముక్కలు చేసి తొలగించడానికి ఎన్ని రోజులు పట్టింది?" వదిన పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి. "అమ్మ బాబోయ్! మీ ప్రభుత్వానికి వాడి మీద నాకంటే ఎక్కువ కోపం ఉందే!"

ఫారాలమ్మ ఫారం లాక్కుని చూసింది. అక్షరాలా అలాగే ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

నవ్వు ఆగాక వదిన చివరి పేజీ తిప్పింది. అక్కడ నవ్వలేదు. "వీధి సంఘం అధ్యక్షుడి ధ్రువీకరణ సంతకం" అని మెల్లగా చదివింది. వీధి సంఘం అధ్యక్షుడంటే మూల మీద ఇనుప సామాన్ల షాపాయన. ఈ రంగు డబ్బాలు కొన్నది కూడా ఆయన దగ్గరే. అరలకు వేసుకోవడానికి అని చెప్పి కొంది. "చూడవే అమ్మాయ్. ఈ వీధిలో ఇరవై రెండేళ్లుగా తలెత్తుకు తిరుగుతున్నా. ఇప్పుడు ఆయన ముందుకు పోయి, నన్ను ఇలా అన్నారండీ, నిజమేనని ఒక సంతకం పడేయండీ అని అడగాలా? దానికంటే షట్టరు దించుకుని పోవడం నయం."

ఫారం మడిచి మరదలి సంచిలో తనే పెట్టేసింది.

ఫారాలమ్మ ఆఫీసుకు వెళ్లిన వేగానికి గాలి వేగం కొలిస్తే ఆ గడి నిండేదే. విభాగంలో ఉన్నది ఒకే ఒక గుమాస్తా. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. అంతకుముందు చెట్ల విభాగంలో పద్నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు కాబట్టి అందరూ చెట్ల గుమాస్తా అంటారు.

"మన ఫారం ఎక్కడినుంచి వచ్చిందండీ?" అని అడిగింది, కూర్చోకుండానే.

"మీరే కదా మేడం అడిగారు, గట్టి నమూనా ఒకటి తెమ్మని. చెట్టు కూలి నష్టపోయినవాళ్లు పరిహారానికి పెట్టుకునే ఫారం తెచ్చా. సర్కారులో దాన్ని మించిన ఫారం లేదు." ఆయన ముఖంలో వెలుగు. "ఆ ఫారం వచ్చాక పద్నాలుగేళ్లలో ఒక్క దొంగ చెట్టు కూలలేదు మేడం. చెట్టు అన్నచోటల్లా నిందితుడు అని మార్చా. అంతే."

"ఎవరూ చదవలేదా?"

"సంతకాలు తొమ్మిది ఉన్నాయి మేడం." ఆయన ఫైలు తెరిచి చూపించాడు. తొమ్మిదింటిలో అన్నిటికంటే అందంగా ఉన్న సంతకం ఫారాలమ్మదే. అప్పట్లో ఆవిడ నిర్వచనాల అధ్యాయం రాస్తూ ఉంది. వివక్ష అంటే ఏమిటో ఇరవై ఆరు పేజీల్లో తేల్చే పనిలో పడి, చివర జతచేసిన ఫారాన్ని, ముందే వాడుకలో ఉన్నదే కదా అని, కన్నెత్తి చూడలేదు. మిగతా ఎనిమిది మందీ అలాగే అనుకున్నారు. వాడుకలో ఉన్న కాగితాన్ని చదవడం సర్కారులో ఎవరికీ తోచదు.

ఆవిడ కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ పదకొండు పేజీలూ చదివింది. సంఘం అధ్యక్షుడి సంతకం ఎందుకు పెట్టారో అర్థమైంది. చెట్టు నిజంగా కూలిందని పక్కవాళ్లు చెప్పాలి. కూలిన చెట్టు గురించి చెప్పుకోవడానికి ఎవరికీ సిగ్గుండదు. అవమానం గురించి చెప్పుకోవాలంటే మనిషి గొంతు లేవదు. ఆ తేడా తెలియడానికి ఇరవై ఆరు పేజీల నిర్వచనం సరిపోలేదు.

మధ్యాహ్నం ఆవిడ కార్యదర్శి గది తలుపు తట్టింది. కొత్త ఫారం కావాలంది. ముందుగా ఒక మాట కూడా చెప్పింది: బజారు వీధిలో మా వదినకు ఇలా జరిగింది, కాబట్టి ఆ వీధినుంచి ఏం వచ్చినా నేను ముట్టుకోను, గుమాస్తాగారే చూడాలి అని. ఆయన తల పట్టుకున్నాడు.

"ఫారం మారిస్తే ఏమవుతుందో తెలుసా? ఫిర్యాదులు వస్తాయి!"

"రావాలనే కదండీ విభాగం పెట్టింది."

"నెలాఖరున నేను సున్నా చూపించాలమ్మా. నిక్షేపంలాంటి సున్నా. దాన్ని ఎందుకు కదుపుతారు?"

వాదించి లాభం లేదని ఫారాలమ్మకు తెలుసు. ఆయన ముందు పదకొండు పేజీల ఫారం, ఒక పెన్ను పెట్టింది. "సార్, మీ జీవితంలో ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు, మీరు ఫలానా అని చెప్పి చిన్నచూపు చూసి ఉంటారు. అది దీంట్లో రాసి చూపించండి. రాయగలిగితే ఈ ఫారం ఇలాగే ఉంచుదాం."

"నాకా? నన్నెవరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కిటికీవైపు చూశాడు. ఆయన కూడా చిన్నప్పుడు వేరే చోటినుంచి వచ్చినవాడేనని, మాట్లాడితే ఇప్పటికీ యాస తొంగిచూస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కాసేపటికి పెన్ను అందుకున్నాడు. "మొదటి ఉద్యోగం అప్పుడు. అద్దెకు గది కోసం పద్నాలుగు ఇళ్లు తిరిగా. నోరు తెరిచేదాకా గది ఖాళీగానే ఉండేది. నోరు తెరవగానే ఎవరో చేరిపోయారనేవాళ్లు" అన్నాడు, రాస్తూ. ప్రశ్న ఆరు దగ్గర పెన్ను ఆగింది. "ఎత్తు, చుట్టుకొలతా? పద్నాలుగు మందివీనా?" ప్రశ్న తొమ్మిది చదివాడు. పది చదివాడు. పద్నాలుగు దగ్గరకు వచ్చేసరికి ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. బయట టైపు చేస్తున్నవాళ్లు చేతులు ఆపి విన్నారు. కార్యదర్శి అంత పెద్దగా నవ్వడం ఆ భవనంలో ఎవరూ ఎరగరు.

నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకున్నాడు. ఫారాలమ్మ అడిగింది: "అప్పుడు ఎవరికైనా చెప్పారా సార్?"

"ఎవరికి చెప్పాలి? అడిగినవాళ్లెవరు?" అన్నాడు.  తర్వాత ఆయన సున్నా రాసిన కాగితాన్ని సొరుగులోకి తోసేసి, "సాయంత్రానికి తీసుకురండి. ఒకటే పేజీ ఉండాలి. నేను చదివే సంతకం పెడతా" అన్నాడు.

కొత్త ఫారం అరపేజీకి మించలేదు. ఏం జరిగింది? ఎక్కడ, ఎప్పుడు? ఇప్పుడు ఏం కావాలనుకుంటున్నారు? మూడే ప్రశ్నలు. పైన ఒక వాక్యం: మీకు జరిగినా రాయండి, పక్కవాళ్లకు జరుగుతుంటే చూసినా రాయండి. ఎవరి సంతకమూ అక్కర్లేదు, రాసినవాళ్ల పేరు బయటపెట్టం. చెట్ల గుమాస్తా దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని దిగులుగా చూశాడు. "ఇంత చిన్న కాగితానికి ఫైలు నిలబడదు మేడం." కానీ మర్నాటినుంచి ఆయనే కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు. లైబ్రరీ, పోస్టాఫీసు, బస్సు స్టాండు, బజారు వీధులు, ఎక్కడ బల్ల కనిపిస్తే అక్కడ కట్ట పెట్టాడు, పక్కన తాళమేసిన పెట్టె పెట్టాడు. చెట్లతో మాట్లాడే పని లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆయన నోటికి తీరిక ఎక్కువ. ఇప్పుడు కనిపించిన ప్రతివాళ్లకూ ఫారం వివరించి చెప్పాడు.

ఫారాలమ్మ ఇంటికి ఒక ఫారం పట్టుకెళ్లింది. భోజనాల దగ్గర వదిన ముందు పెట్టింది. వదిన పైకి చదివి, "బాగుంది. ఇప్పుడు మనిషి రాసినట్టుంది" అంది. అని, దాని మీద గ్లాసు పెట్టింది.

"రాయరా వదినా?"

"రాయను. నువ్వు మంచి పని చేశావు. ఇంకెవరికైనా పనికొస్తుంది. నా మాటకొస్తే, ఓనరుకు చెప్పేశా, మిషన్లు తేవడానికి బండి మాట్లాడేశా. ఎవరికీ తెలియకుండా పరువుగా వెళ్లిపోతాను. ఎవడో వెధవ రాశాడని వెళ్లిపోయింది అనుకోవడం కంటే, వయసైపోయి ఇంట్లో కుట్టుకుంటోంది అనుకుంటే నాకు హాయి."

"ఏంటక్కా, ఏం రాశారు? ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నాడు లెక్కల మాస్టారు, చేతిలో చెంచా అలాగే పట్టుకుని.

ఆ రాత్రి ఆ ఇంట్లో విషయమంతా బయటపడింది. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు, ఇప్పుడే పోయి వీధంతా నిలదీస్తానన్నాడు. వదిన ఆయన్ను కూర్చోబెట్టి, కంచంలో ఇంకా ఉన్నది తినమంది. మరదలివైపు తిరిగి, "మీ నిబంధనల్లో బలవంతంగా రాయించమని ఉందా?" అని అడిగింది. లేదు. బాధితుల ఇష్టం లేకుండా ఎవరూ ఒత్తిడి చేయకూడదని ఉంది. ఆ వాక్యం రాసింది ఫారాలమ్మే. తను రాసిన మంచి వాక్యాల్లో అదొకటి అనుకునేది. ఇప్పుడు దాన్ని కొట్టేయాలన్నంత కోపం వచ్చింది.

రోజులు పరుగెత్తాయి. మేడ మీద గదిలో మంచం గోడకు జరిగి, మిషన్లకు చోటు ఏర్పడింది. వదిన ఎప్పటిలాగే జోకులు వేస్తూనే ఉంది. కానీ సాయంత్రాలు మెట్లెక్కుతూ మధ్యలో ఆగేది. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఆగిన మనిషి కాదు. అది చూసిన ప్రతిసారీ ఫారాలమ్మ చెయ్యి సంచిలోని ఫారం మీదికి వెళ్లి, వెనక్కి వచ్చేది. చేయలేని పని కంటే చేయకూడని పని ఎక్కువ బాధపెడుతుందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

ఇరవై ఎనిమిదో తారీకున గుమాస్తా పెట్టెలన్నీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఎనిమిది నెలల్లో మూడు వచ్చిన చోట పద్దెనిమిది రోజుల్లో నూటా ఆరు. ఇద్దరూ కూర్చుని వేరు చేయడం మొదలుపెట్టారు. బస్సులో పక్కన కూర్చోరని ఒకరు, బడిలో పిల్లను పేరు పెట్టి పిలవరని ఇంకొకరు. నవ్వొచ్చేవి తక్కువ, చదివి పక్కన పెట్టలేనివి ఎక్కువ. మధ్యలో గుమాస్తా హఠాత్తుగా ఒక కట్ట లాగి టిఫిన్ డబ్బా కింద పెట్టుకున్నాడు.

"అవేంటండీ?"

"మీరు చూడకూడని వీధి మేడం."

"ఆ వీధిలోంచా? అన్నీనా?"

"చెప్పకూడదు మేడం." చెట్ల గుమాస్తా డబ్బా మీద మోచెయ్యి ఆనించాడు. "రేపు షాపుకు నేను వెళ్తున్నా. మీరు రాకూడదు."

"అధికారిగా రాకూడదు. మరదలిగా రావచ్చుగా? సగం రోజు సెలవు పెడతా."

ఆయన నిబంధనల పుస్తకం తీసి రెండుసార్లు చూసి, "బంధువు హోదాలో కూర్చోవచ్చు. కాగితాలు చూడకూడదు, నోరు మెదపకూడదు" అని తీర్పు చెప్పాడు.

అలా ఇరవై తొమ్మిదిన ఫారాలమ్మ వదిన షాపులో, కొలతలు ఇచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద, చేతులు కట్టుకుని కూర్చుంది. షాపు అప్పటికే సగం ఖాళీ. అట్టపెట్టెల్లో దారపు రీళ్లు, మడిచిన కొలతల పుస్తకాలు. గుమాస్తా నిలబడే గొంతు సవరించుకుని, అలవాటైన సర్కారు గొంతుతో మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ షాపు విషయంలో మా విభాగానికి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి."

వదిన ఆయనవైపు తిరిగింది. చేతిలో ఉన్న పెట్టె బల్ల మీద పెట్టేసింది. "నా మీద పదకొండా? ఇంకా రెండు రోజుల్లో ఖాళీ చేస్తున్నా కదండీ. అంతవరకు కూడా ఆగలేకపోయారా?"

"మీ మీద కాదమ్మా" అన్నాడు గుమాస్తా కంగారుగా. "మీ కోసం."

వదినకు అర్థం కాలేదు. ఆయన కట్ట విప్పి, పేర్లు చెప్పకూడదు కాబట్టి పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివాడు. "ఆవిడ షాపు మీద చెత్త రాతలు రాస్తున్నారు. నేను తెల్లారేసరికి రొట్టెల పొయ్యి వెలిగిస్తాను, ఆవిడ రంగు వేసుకోవడం కిటికీలోంచి చూస్తాను. పలకరిస్తే చిన్నబుచ్చుకుంటుందని లోపలే ఉండిపోయాను. రాసేవాడు వచ్చే స్కూటరు నంబరు ఇదీ." గుమాస్తా తలెత్తి, "ఇది పోలీసులకు పంపేశానమ్మా" అన్నాడు. రెండోది అందుకున్నాడు. "నాలుగుసార్లు ఆకుపచ్చ రంగు డబ్బా అమ్మాను. అరలకు అంది. ఆ షాపులో ఉన్న అరలు నాకు తెలియవా? అడిగి ఉండాల్సింది. అడగలేదు. తప్పు నాదే."

వదిన బల్ల అంచు పట్టుకుంది. "పేరు చెప్పక్కర్లేదులెండి" అంది మెల్లగా. మూడోది, నాలుగోది, ఐదోది. అందరూ ఆ వీధివాళ్లే. అందరూ చూసినవాళ్లే. ఎవరూ షాపు తెరవకముందే అని ఆవిడ అనుకున్న ప్రతి పొద్దునా వీధి వీధంతా తెరల వెనక నిలబడి, తెలియనట్టు నటిస్తూ ఉంది. ఆవిడ సిగ్గును కాపాడుతున్నామనుకుని ఆవిడను ఒంటరిగా వదిలేసింది.

"ఇందరు చూసి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేం?" అంది వదిన. కోపమో ఏడుపో తెలియని గొంతు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఫారాలమ్మ. కానీ ఆవిడ నోరు మెదపకూడదు. గుమాస్తానే చెప్పాడు, తల దించుకుని. "పాత ఫారం నేను తెచ్చిందేనమ్మా. అందులో చూసినవాళ్లకు గడి లేదు."

తర్వాత ఆయన మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు చదివాడు. ఇప్పుడు ఏం కావాలనుకుంటున్నారు? "ఆవిడ వెళ్లిపోతుందని విన్నాను, వెళ్లకూడదు." "షట్టరుకు ఈసారి మేం రంగు వేస్తాం, ఆవిడ కుర్చీలో కూర్చోవాలి." "కెమెరా పెట్టాలి, దానికి కరెంటు మా షాపునుంచి తీసుకోవచ్చు." "నా ప్యాంటు ఇంకా ఇవ్వలేదు. ప్యాంటు ఇచ్చేదాకా ఉండాలి, ఇచ్చాక కూడా ఉండాలి."

వదిన ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. కొలత టేపు మెడలోంచి లాగి దాంతోనే కళ్లు తుడుచుకుంది. బంధువు హోదాలో ఉన్న ఫారాలమ్మ అప్పటికే ధారగా ఏడుస్తోంది. ఏడవకూడదని నిబంధనల పుస్తకంలో లేదు.

"ఒక కాగితం ఇలా ఇవ్వండి" అంది వదిన చివరికి. "పన్నెండోది నేను రాస్తా."

అట్టపెట్టెను పక్కకు నెట్టి, కత్తెర బల్ల మీద ఫారం పరుచుకుంది. ఏం జరిగిందో రాసింది, పైకి చదువుకుంటూనే రాసింది. మొదటిసారి ఏ రోజో, రెండోసారి ఏ రోజో, అప్పుడు ఎంత భయమేసిందో, మూడోసారి భయం పోయి ఎంత అలసట వచ్చిందో. ఫారాలమ్మ ఇవేవీ ఇంతకుముందు వినలేదు. మూడో ప్రశ్న దగ్గర వదిన పెన్ను ఆపి కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్క మాట రాసింది. "ఉంటాను."

గుమాస్తా వంగి చూశాడు. "అమ్మా, అక్కడ మా వల్ల మీకు ఏం కావాలో రాయాలి."

"అదే రాశాను. ఉంటాను. ఉండనివ్వడమే మీ పని. తీసుకోండి, ముద్ర వేసుకోండి."

ఆయన ముద్ర తీసి వేశాడు. తన సర్వీసులో ఇంత చిన్న కాగితానికి ఇంత గట్టిగా ముద్ర వేసి ఉండడు. ఫారాలమ్మ ఆ కాగితం వైపు చూడకూడదు కాబట్టి, తల తిప్పి వదిన మొహం వైపు చూస్తూ కూర్చుంది.